ఫలితం తెలియని మందు

కండరాలను కదిలించే నాడీకణాలు మెదడులోనూ వెన్నుపాములోనూ క్రమంగా చచ్చిపోయే జబ్బును మోటార్ న్యూరాన్ డిసీజ్ అంటారు. అందులో ఎక్కువగా కనిపించే రకం పేరు ఏఎల్‌ఎస్. 1869లో ఫ్రెంచి వైద్యుడు షార్కో రోగుల లక్షణాలను, చనిపోయాక వారి వెన్నుపాములో కనిపించిన మార్పులను జతపరిచి, ఇది విడిగా ఒక జబ్బని తేల్చాడు. మొదట కొందరికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది. కొందరికి నడుస్తుండగా చెప్పు జారిపోతుంది, కొందరికి మాట ముద్దగా వస్తుంది. తర్వాత చేయి, కాలు, నాలుక, గొంతు ఒకదాని వెంట ఒకటి పట్టు తప్పుతాయి. చివరికి ఊపిరి తీసే కండరాలు సత్తువ కోల్పోతాయి. లక్షణాలు కనిపించిన మూడు నుంచి ఐదేళ్లలో ఎక్కువమంది చనిపోతారు. సుమారు పదిమందిలో ఒకరు పదేళ్లు దాటి బతుకుతారు. చూపు, స్పర్శ చెడవు. కొందరిలో ఆలోచన, నడవడి మారినా, చాలామందికి తెలివి చివరిదాకా నిలిచే ఉంటుంది.

ఇలాంటి రోగి మీద, పనిచేస్తుందో లేదో తెలియని మందును పరీక్షించడం ధర్మమేనా అన్నది వైద్యశాస్త్రం ఒక్కటే తేల్చగలిగిన ప్రశ్న కాదు. ఇందులో మూడు చిక్కులున్నాయి. తగ్గదని తెలిసిన జబ్బుకు ప్రయత్నం చేయడం సబబా? చావు దగ్గరపడ్డ మనిషికి చీటీ వేసి ఉత్తుత్తి మందు ఇవ్వవచ్చా? ఆ పరీక్ష వల్ల వచ్చే ఫలం ఎవరిది? ఈ మూడింటి మీద మతాలు, తత్త్వశాస్త్రం, చట్టం తలో మాట చెప్పాయి. సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్ చుట్టుపక్కల రెండు శతాబ్దాల చరిత్రలోనే ఈ ప్రశ్నలకు పనికివచ్చే ఉదాహరణలు దొరుకుతాయి.

మందుల కథ

ఏఎల్‌ఎస్‌ను నయం చేసే మందు ఇంతవరకు రాలేదు. 155 మంది రోగులతో జరిగి 1994లో ప్రచురితమైన ఒక పరీక్ష రిలుజోల్ అనే మందును వెలుగులోకి తెచ్చింది. 1995 చివరలో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. ఆ మందు సగటున రెండు మూడు నెలల ఆయుష్షు పెంచుతుంది. జపాన్‌లో పుట్టిన ఎడరవోన్ 206 మందితో జరిగిన మొదటి పెద్ద పరీక్షలో విఫలమైంది. జబ్బు తొలిదశలో ఉన్న 137 మందిని ఏరి 24 వారాలు మళ్లీ పరీక్షించినప్పుడు క్షీణత కాస్త నెమ్మదించినట్లు తేలింది. 2017లో అమెరికా దాన్నీ అనుమతించింది. ఎస్‌ఓడీ1 అనే జన్యువులో లోపం ఉన్న కొద్దిమందికి పనికివచ్చే టోఫర్సన్ 2023లో అనుమతి పొందింది. 108 మందితో 28 వారాలు జరిగిన పరీక్షలో అది అనుకున్న లక్ష్యం చేరుకోలేదు. అయినా నాడీకణాలు దెబ్బతిన్నప్పుడు పెరిగే ఒక ప్రొటీను తగ్గడాన్ని బట్టి అనుమతి దక్కింది.

విఫలమైన మందుల జాబితా ఇంతకన్నా చాలా పొడవు. 2008లో ఇటలీ పరిశోధకులు 16 మందికి లిథియం ఇచ్చి, పదిహేను నెలల్లో వారిలో ఒక్కరూ చనిపోలేదని ప్రకటించారు. ప్రపంచమంతటా రోగులు ఎవరికి వారే లిథియం మింగడం మొదలుపెట్టారు. ఆ తర్వాత అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో పద్ధతిగా జరిగిన పరీక్షల్లో దానివల్ల ఏ మేలూ కనిపించలేదు. 2022లో అమెరికాలో అనుమతి పొందిన రెలివ్రియోకు అండగా నిలిచింది 137 మందితో జరిగిన చిన్న పరీక్షే. 664 మందితో జరిగిన పెద్ద పరీక్షలో అది తేలిపోయింది. 2024 ఏప్రిల్‌లో కంపెనీయే దాన్ని మార్కెట్ నుంచి ఉపసంహరించుకుంది.

మందు పనిచేసిందా లేదా అన్నది కొలిచే పద్ధతి కూడా చూడదగ్గదే. ప్రపంచమంతటా వాడే కొలబద్దలో పన్నెండు ప్రశ్నలుంటాయి. మాట, లాలాజలం, మింగడం, చేతిరాత, తిండి, బట్టలు వేసుకోవడం, పక్క మీద ఒత్తిగిల్లడం, నడక, మెట్లెక్కడం, ఊపిరి వంటివి. ఒక్కో ప్రశ్నకు నాలుగు మార్కులు, మొత్తం 48. తిండి ప్రశ్న కత్తితో ముక్కలు కోసుకోవడం గురించి అడుగుతుంది. అన్నంలో పప్పు కలుపుకొని ముద్ద చేసి తినే మనిషిని దానికి బదులు వేరే మాట అడగాలి. ముద్ద కట్టడానికి బొటనవేలు, నాలుగు వేళ్లు కలిసి పనిచేయాలి. తెలుగు ఇళ్లలో ఈ జబ్బు ముందుగా కంచం దగ్గరే బయటపడవచ్చు. మందు గొప్పగా పనిచేసిందని ఒక పరీక్ష చెబితే, ఆరు నెలల్లో ఈ 48లో రోగి రెండు మూడు మార్కులు తక్కువగా పోగొట్టుకున్నాడని అర్థం. కంపెనీకి అది విజయం. రోగికి అది ఇంకొన్నాళ్లు తన చేత్తో తినగలగడం కావచ్చు, అతనికి తెలియకుండానే జరిగిపోయిన మార్పూ కావచ్చు.

అసాధ్యానికి వైద్యం

తగ్గని జబ్బుకు వైద్యం చేయాలా అన్న ప్రశ్న ప్రాచీనమైనది. చరక సంహిత జబ్బులను సాధ్యాలు, అసాధ్యాలు అని విడదీసి, అసాధ్యాలను మళ్లీ రెండు చేసింది. వైద్యంతో నెట్టుకురాగలిగినవి యాప్యాలు, ఏం చేసినా లొంగనివి అనుపక్రమాలు. అసాధ్యమని తెలిసి చేయి పెట్టిన వైద్యుడు డబ్బు, విద్య, కీర్తి పోగొట్టుకుంటాడని ఆ గ్రంథం హెచ్చరిస్తుంది. ఇది కఠినంగా వినిపించినా, ఆ మాట వెనుక ఒక నిజాయితీ ఉంది. తగ్గుతుందని చెప్పి డబ్బు తీసుకునే మోసాన్ని అది ముందే కత్తిరించింది. రిలుజోల్ వచ్చాక ఏఎల్‌ఎస్ అనుపక్రమం నుంచి యాప్యం వైపు కొద్దిగా జరిగిందనవచ్చు. అలా జరగడానికి 155 మంది అనుపక్రమ దశలోనే ఒక తెలియని మందు పరీక్షకు ఒప్పుకోవాల్సివచ్చింది. అసాధ్యాన్ని ముట్టుకోకూడదన్న నియమం ఖచ్చితంగా పాటించి ఉంటే ఏ అసాధ్యమూ ఎప్పటికీ సాధ్యం కాదు. చికిత్సకూ పరీక్షకూ మధ్య గీత ఇక్కడే పడుతుంది. చికిత్స పేరుతో అసాధ్యాన్ని చేపట్టడం తప్పు కావచ్చు. తెలుసుకోవడానికని ఒప్పుకొని చేపట్టడం వేరు.

ప్రారబ్ధం అనుభవించక తప్పదు కదా, ఈ పరీక్షలెందుకు అనే మాట ఇళ్లలో వినిపిస్తూనే ఉంటుంది. చరకుడే దీనికి జవాబు చెప్పాడు. ఆయుష్షు దైవం మీద, పురుషకారం మీద, అంటే పూర్వకర్మ మీద, ఇప్పటి ప్రయత్నం మీద కలిసి నిలుస్తుంది. దైవం బలహీనంగా ఉంటే ప్రయత్నం దాన్ని దాటుతుంది, బలంగా ఉంటే ప్రయత్నమే ఓడుతుంది. ఏది బలమైనదో ముందుగా తెలియదు కాబట్టే ప్రయత్నం చేయాలి. ఇస్లాంలోనూ ప్రతి జబ్బుకూ అల్లా మందు సృష్టించాడన్న ప్రవక్త బోధ ఆధారంగా వైద్యం వెతకడాన్ని ప్రోత్సహించారు. ఫలితం అనుమానంగా ఉన్న వైద్యాన్ని మాత్రం చాలామంది ధర్మవేత్తలు తప్పనిసరి విధిగా చెప్పలేదు. ఈ రెండు సంప్రదాయాలూ కలిసే చోటు ఒకటుంది. తెలియని మందు కోసం ప్రయత్నించడం పాపం కాదు, వద్దనుకోవడమూ పాపం కాదు. ట్రయల్‌లో చేరనన్న రోగి విధి నుంచి పారిపోయినట్లు కాదు, చేరినవాడు దైవాన్ని ధిక్కరించినట్లూ కాదు.

మొక్కు, పరీక్ష

రాంగోపాల్‌పేట్‌కు దగ్గర్లోనే ఉన్న ఉజ్జయిని మహంకాళి ఆలయం ఒక మొక్కు నుంచి పుట్టింది. ఆలయ చరిత్ర ప్రకారం, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో తన దళంతో ఉజ్జయినిలో ఉన్నాడు. అప్పుడు జంట నగరాల్లో కలరా వ్యాపించి జనం చనిపోతున్నారని కబురు వచ్చింది. కలరా తగ్గితే అమ్మవారిని తీసుకువెళ్లి ప్రతిష్ఠిస్తామని అప్పయ్య, అతని తోటివారు ఉజ్జయిని మహంకాళికి మొక్కుకున్నారు. కలరా తగ్గింది. 1815లో వాళ్లు తిరిగివచ్చి కొయ్య విగ్రహాన్ని నిలిపారు. ఆషాఢంలో జరిగే లష్కర్ బోనాలకు మూలం అదే.

మొక్కు ఒక షరతుతో కూడిన మాట. ఫలం దక్కితే బాకీ తీర్చాలి, దక్కకపోతే బాకీ లేదు. మొక్కు విఫలమైనవారి లెక్క ఎవరూ రాయరు, రాయాల్సిన అవసరమూ లేదు. ఎందుకంటే మొక్కు పని జ్ఞానం సంపాదించడం కాదు, ఆపదలో ఉన్నవాళ్లను ఒక్కతాటి మీద నిలపడం. క్లినికల్ ట్రయల్ దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ చనిపోయినవారి లెక్క బతికినవారి లెక్కంత ముఖ్యం. మధ్యలో వదిలేసి వెళ్లిపోయినవారి లెక్క కూడా ముఖ్యమే. దక్కని ఫలం కూడా అక్కడ ఫలమే. లిథియం విషయంలో జరిగింది పరీక్షను మొక్కుగా మార్చుకోవడమే. 16 మంది బతికారన్న మాట విని మిగతావారు నమ్మకంతో మింగారు. విఫలమైనవారి లెక్క తీయడానికి రెండేళ్లకు పైగా పట్టింది.

ఒక కుటుంబం ఈ రెండింటినీ ఒకేసారి చేయవచ్చు. అమ్మవారికి బోనం ఎత్తుతూ ట్రయల్‌లో చేరడంలో విరోధం లేదు. విరోధం వచ్చేది ఆసుపత్రి మనిషి తన పరీక్షను మొక్కులా అమ్మినప్పుడు. మందు పేరు, ఆధారం, నమోదు ఏదీ చెప్పకుండా, ఏమో తగ్గవచ్చు కదా అని స్టెమ్ సెల్ ఇంజెక్షన్లకు లక్షలు వసూలు చేసే వ్యాపారం అటువంటిది. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప స్టెమ్ సెల్ చికిత్సను చికిత్సగా ఇవ్వకూడదు. అనుమతి పొందిన ట్రయల్‌లోనే ఇవ్వాలి.

చీటీలో పడ్డ మందు

పరీక్షలో రోగులను చీటీ వేసినట్లు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు అసలు మందు, రెండో గుంపుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. మూడేళ్లు మిగిలిన మనిషి జీవితంలో ఆరు నెలలు పిండి మాత్రలకు పోవడం అన్యాయం కాదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న.

దీనికి 1987లో కెనడా తత్త్వవేత్త బెంజమిన్ ఫ్రీడ్‌మన్ ఒక జవాబు చెప్పాడు. ఒక మందు మేలో కీడో అన్న విషయంలో వైద్యలోకం నిజంగా రెండుగా చీలి ఉన్నప్పుడు మాత్రమే చీటీ వేయడం న్యాయం. అలాంటప్పుడు ఏ గుంపులో పడ్డా రోగికి తక్కువ జరిగిందని ముందుగా ఎవరూ అనలేరు. ఏఎల్‌ఎస్ చరిత్ర ఈ మాటను గట్టిపరిచింది. మినోసైక్లిన్ అనే మామూలు యాంటీబయాటిక్ ఎలుకల్లో నాడీకణాలను కాపాడింది. చాలామంది డాక్టర్లు అది పనిచేస్తుందనే అనుకున్నారు. 412 మంది రోగులతో జరిగి 2007లో వెలువడిన పరీక్షలో అది తీసుకున్నవారు ఉత్తుత్తి మందు వారికన్నా 25 శాతం వేగంగా క్షీణించారు. అక్కడ చీటీలో ఉత్తుత్తి మందు పడినవారే మేలు పొందారు. చీటీ వేయకుండా అందరికీ అసలు మందే ఇచ్చి ఉంటే, ఆ వేగాన్ని జబ్బు గుణమనే సరిపెట్టుకునేవారు.

అజ్ఞానం నిజమైనదై ఉండాలన్నదే ఇక్కడ ధర్మసూత్రం. తెలిసిన మంచి మందును దాచి ఉత్తుత్తి మందు ఇవ్వడాన్ని వైద్య పరిశోధనల నీతికి అంతర్జాతీయ ప్రమాణమైన హెల్సింకి ప్రకటన సాధారణంగా ఒప్పుకోదు. అందుకే ఏఎల్‌ఎస్ ట్రయల్స్‌లో సాధారణంగా రెండు గుంపులవారూ రిలుజోల్ వాడుకోవచ్చు, దాని మీద అదనంగా కొత్త మందో ఉత్తుత్తి మందో పడుతుంది. అన్యాయాన్ని తగ్గించే ఏర్పాట్లు కూడా వచ్చాయి. 2020లో అమెరికాలో మొదలైన హీలీ ట్రయల్‌లో అనేక మందులను ఒకే గొడుగు కింద పరీక్షిస్తారు. ఉత్తుత్తి మందు గుంపు అన్నింటికీ ఉమ్మడి. అందువల్ల నలుగురిలో ముగ్గురికి అసలు మందే పడుతుంది. పరీక్ష కాలం ముగిశాక అందరికీ అసలు మందు ఇచ్చే పద్ధతి కూడా చాలా ట్రయల్స్‌లో ఉంది.

ఉత్తుత్తి గుంపు అక్కర్లేదు, మందు తెచ్చి ఇస్తే చాలనే వాదన అమెరికాలో 2018లో చట్టమైంది. ప్రయత్నించే హక్కు పేరుతో వచ్చిన ఆ చట్టానికి నలుగురి పేర్లు పెట్టారు. వారిలో ముగ్గురు ఏఎల్‌ఎస్ రోగులే. చచ్చిపోతున్న మనిషి స్వేచ్ఛను ఎవరు కాదనగలరు అన్నది దాని బలం. అందరూ అలా తీసుకుంటే మినోసైక్లిన్ లాంటిదాన్ని ఎవరు పట్టుకుంటారన్నది దాని బలహీనత. స్వేచ్ఛకు విలువ రావాలంటే ఎంచుకునేది ఏమిటో తెలియాలి. అది తెలియడానికి మళ్లీ ఎవరో ఒకరు చీటీకి ఒప్పుకోవాలి.

ఇచ్చేవాడు, అడిగేవాడు

పరీక్షలో చేరిన రోగికి కలిగే మేలు అనుమానం. నిశ్చయంగా మేలు కలిగేది ఆ తర్వాత ఆ జబ్బు వచ్చేవారికి. కాబట్టి ట్రయల్‌లో చేరడం దాన స్వభావం ఉన్న పని. భగవద్గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడుగా విభజించింది. తగిన చోట, తగిన సమయంలో, తిరిగి ఉపకారం చేయలేనివారికి, ఇవ్వాలి కాబట్టి ఇచ్చేది సాత్త్వికం. ఫలం ఆశించి బాధపడుతూ ఇచ్చేది రాజసం. అవమానిస్తూ, తగనివారికి ఇచ్చేది తామసం. ఇంకా జబ్బు రాని, బహుశా ఇంకా పుట్టని మనిషి కోసం శరీరాన్ని పరీక్షకు పెట్టడం ఈ లెక్కన సాత్త్వికదానానికి చాలా దగ్గర. ప్రత్యుపకారం చేయలేనివాడు అంతకన్నా ఎవరుంటారు?

ఆచరణలో మాత్రం రోగి అలా రాడు. తగ్గుతుందేమోనన్న ఆశతో వస్తాడు. పరీక్షను తన కోసం చేస్తున్న చికిత్సగా పొరబడే ఈ స్థితిని 1982లో అమెరికన్ మనోవైద్యుడు పాల్ అప్పెల్‌బామ్, ఆయన సహచరులు గుర్తించి పేరు పెట్టారు. ఆశపడటం తప్పు కాదు. ఆ ఆశను డాక్టరు తన పరీక్ష కోసం వాడుకోవడమే తప్పు. రాజసదానాన్ని సాత్త్వికమని రాయించుకున్నట్లవుతుంది.

పురాణాల్లో దధీచి తన వెన్నెముకను దేవతలకు ఇచ్చాడు. దేనికి కావాలో వాళ్లు అడిగి చెప్పారు, ఆయన విని ఇచ్చాడు. ఆయన ఎవరికీ లోబడినవాడు కాదు, ఆయనకు దేవతల దగ్గర కావలసిందీ లేదు. ఏకలవ్యుడి బొటనవేలు కథ వేరు. అతనూ నవ్వుతూనే ఇచ్చాడు. కానీ అడిగినవాడు అతను గురువుగా కొలిచిన మనిషి, అడిగిన కారణం మరో శిష్యుడి మేలు. అక్కడ సమ్మతి ఉంది, న్యాయం లేదు. డాక్టరును దేవుడని చేతులెత్తి మొక్కే చోట ప్రతి సంతకమూ దధీచి సంతకం కాదు. చాలాసార్లు అది ఏకలవ్యుడి వేలికి దగ్గరగా ఉంటుంది.

తత్త్వవేత్త హాన్స్ జోనస్ 1969లో ఇదే మాటను వేరేగా చెప్పాడు. పరీక్షకు మొదట ముందుకు రావాల్సింది శాస్త్రవేత్తలే. పరిశోధన ఉద్దేశాన్ని బాగా అర్థం చేసుకొని దాన్ని తమదిగా భావించగలిగినవారు, కాదనే శక్తి ఉన్నవారు ముందు. బలహీనులు, రోగులు చివర. రోగిని తీసుకున్నా అతని జబ్బుకు సంబంధించిన పరీక్షకే తీసుకోవాలి. అంతకుముందు 1952 సెప్టెంబరులో నాడీమండల వైద్య నిపుణుల సభలో పోప్ పన్నెండవ పయస్ మాట్లాడుతూ, మనిషి తన శరీరానికి యజమాని కాదనీ, వాడుకునే హక్కు మాత్రమే ఉన్నవాడనీ, కాబట్టి తనకు తీవ్ర హాని చేసే ప్రయోగానికి ఒప్పుకునే హక్కు కూడా అతనికి అపరిమితంగా లేదనీ చెప్పాడు. శరీరం దేవుడిదన్న నమ్మకం నుంచి చెప్పినా, ఆ మాట లౌకికంగా కూడా నిలుస్తుంది. ఒప్పుకున్నాడు కదా అన్న ఒక్క మాటతో ఏ పరీక్షా ధర్మబద్ధం కాదు.

వేలిముద్ర

సమ్మతి ఎలా ఉండకూడదో, ఎలా ఉండవచ్చో చెప్పే ఉదాహరణలు తెలుగు నేల మీదే ఉన్నాయి. 1897 ఆగస్టులో రాంగోపాల్‌పేట్ పక్కనున్న బేగంపేటలో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున పది దోమలకు పది అణాలు ఇచ్చాడు. అలాంటి దోమ కడుపులోనే ఆగస్టు 20న మలేరియా పరాన్నజీవి కనిపించింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్‌కు అప్పటికే మలేరియా ఉంది కాబట్టి దోమ కాటు వల్ల అతనికి జరిగిన కొత్త హాని తక్కువ. కానీ ఎందుకు కుట్టిస్తున్నారో అతనికి ఎంత తెలుసో చెప్పే కాగితం లేదు. ఆ కాలంలో అలాంటి కాగితం ఉండాలన్న ఆలోచనే లేదు.

కాగితం ఉన్నా సరిపోదని ఖమ్మం చూపింది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేసే ప్రాజెక్టు జరిగింది. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో కలిపి ఏడుగురు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశారు. ఆ చావులకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే అయినా, తీసుకున్న పద్ధతి అధర్మమైంది.

సుప్రీంకోర్టులో నడిచిన కేసుల తర్వాత నియమాలు గట్టిపడ్డాయి. 2019 మార్చి 19న కొత్త ఔషధాల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. ట్రయల్‌కు ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. అందులో కనీసం ఏడుగురు ఉండాలి, కనీసం సగం మంది ఆ సంస్థకు బయటివారై ఉండాలి. ఒక మహిళ, ఒక సామాన్య పౌరుడు, ఒక న్యాయ నిపుణుడు ఉండాలి. ఇంకో స్థానం సామాజిక శాస్త్రవేత్తకో, తత్త్వవేత్తకో, నీతిశాస్త్రం తెలిసినవారికో, మతధర్మం తెలిసినవారికో కేటాయించారు. ఈ ప్రశ్నలు వైద్యులొక్కరివే కాదని చట్టమే ఒప్పుకుందన్నమాట. 2009 జూన్ నుంచి ప్రతి ట్రయల్‌నూ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేయడం తప్పనిసరి. ఎవరైనా వెతికి చూసుకోవచ్చు.

మోటార్ న్యూరాన్ జబ్బులో సమ్మతికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. చదువుకున్న మనిషి, బ్యాంకు మేనేజరుగా పనిచేసి రిటైరైన మనిషి అయినా సరే, పెన్ను పట్టలేక వేలిముద్ర వేయాల్సి వస్తుంది. నిరక్షరాస్యుడి వేలిముద్రకూ అతని వేలిముద్రకూ కాగితం మీద తేడా ఉండదు. మాట పోయినవాడు తల ఊపితే, కంటి రెప్ప ఆడిస్తే అది అవునో కాదో చదివే మనిషి కావాలి. కొత్త రసాయన మందుల ట్రయల్స్‌లో నిస్సహాయ స్థితిలో ఉన్నవారి సమ్మతిని వీడియో తీయాలని నియమం ఉంది. మాట లేని రోగి విషయంలో ఆ వీడియోకు విలువ వచ్చేది డాక్టరు ఎంతసేపు వివరించాడన్న దాన్ని బట్టి కాదు. రోగి వద్దని చెప్పడానికి ఎంత అవకాశం ఇచ్చాడన్న దాన్ని బట్టి. తెలివి పూర్తిగా ఉన్నప్పుడు కొడుకునో భార్యనో అడిగి సంతకం తీసుకోవడం చెల్లదు. వాళ్లు సాక్షులు, కర్తలు కారు.

బాకీ

దానం తీసుకున్నవాడికి రుణం ఉంటుంది. 2019 నియమాలు ఆ రుణాన్ని డబ్బులో లెక్కగట్టాయి. ట్రయల్ కారణంగా మనిషి చనిపోతే ఇచ్చే పరిహారానికి ఎనిమిది లక్షల రూపాయలు మూలం. దాన్ని వయసును బట్టి, జబ్బు తీవ్రతను బట్టి హెచ్చవేస్తారు. ఆరోగ్యవంతుడైన వాలంటీరుకు 4, ఆరు నుంచి 24 నెలలు బతుకుతాడనుకున్న రోగికి 1, ఆరు నెలలకు మించి బతకడనుకున్నవాడికి 0.5 అన్నవి తీవ్రత గుణకాలు. అరవై అయిదు దాటిన ఆరోగ్యవంతుడు చనిపోతే 32 లక్షలు, అదే వయసులో చివరి దశ ఏఎల్‌ఎస్ రోగి చనిపోతే 4 లక్షలు. కుటుంబం పోగొట్టుకునే కాలం తక్కువ కాబట్టి పరిహారం తక్కువ అన్నది ఇందులోని తర్కం. నష్టాన్ని తూచడానికి ఆ తర్కం సరిపోతుంది. ఇచ్చిన దానాన్ని తూచడానికి సరిపోదు. మిగిలిన కాలం కొద్దిగా ఉన్న మనిషి ఆరు నెలలు ఇస్తే, ఎక్కువ ఉన్నవాడు ఆరు నెలలు ఇచ్చినదాని కన్నా అది పెద్ద దానం. ఈ తేడాను సూత్రం పట్టించుకోలేదు.

రెండో బాకీ మందే. వేరే మార్గం లేని జబ్బుకు ట్రయల్‌లో మందు మేలు చేసిందని డాక్టరు సిఫారసు చేసి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే, ట్రయల్ ముగిశాక కూడా ఆ మందును ఆ రోగికి ఉచితంగా ఇవ్వడానికి అవే నియమాలు దారి తెరిచాయి. ఇది పాల్గొన్నవారి వరకే. జెనరిక్ మందుల తయారీకి పేరున్న హైదరాబాద్ లాంటి ఊళ్లోనూ పేటెంటు ఉన్న టోఫర్సన్ లాంటి ఇంజెక్షన్ల ధర సామాన్య కుటుంబానికి అందదు. ఒక ఊరి రోగులు పరీక్షకు శరీరాలిచ్చి, తీరా మందు వచ్చాక దాన్ని కొనలేకపోతే, తగని చోట చేసిన దానమే అవుతుంది.

మూడో బాకీ నిజం చెప్పడం. విఫలమైన ట్రయల్ ఫలితాన్ని కూడా ప్రచురించాలి, పాల్గొన్నవారికి చెప్పాలి. బతికిలేకపోతే ఇంటివారికి చెప్పాలి. మినోసైక్లిన్ కీడు చేసిందని తెలియడం వల్లే తర్వాతివారు దాన్ని మింగకుండా ఆగారు. ఆ 412 మంది ఇచ్చినది వృథా కాలేదు. ఫలితాన్ని డ్రాయరులో దాచేసి ఉంటే వృథా అయ్యేది.

వీటన్నింటినీ కలిపి చూస్తే, ఫలితం తెలియని మందును చావు దగ్గరున్న మనిషికి ఇవ్వడం ధర్మమా కాదా అన్నది మందును బట్టి గాని, చీటీని బట్టి గాని తేలదు. మందు ఇచ్చేవారికి దాని ఫలితం నిజంగా తెలియనిదై ఉండాలి. తెలియదన్న మాట రోగికి అతని భాషలో చెప్పాలి. కాదనడానికి రోగికి చోటుండాలి. ఫలం వచ్చినా రాకపోయినా లెక్క బయటపెట్టాలి. వచ్చిన ఫలం పరీక్షకు శరీరం ఇచ్చినవారి ఊరికి కూడా అందాలి. ఈ అయిదూ ఉన్న చోట పరీక్ష దధీచి దానానికి సాటి వస్తుంది. ఏ ఒక్కటి లేకపోయినా అది గురుదక్షిణ పేరుతో తీసుకున్న వేలే.